పలక బోర్లించని ఇల్లు

2009 వేసవి. రాజమండ్రి దానవాయిపేటలో నాకొక కంప్యూటర్ సర్వీసు సెంటర్ ఉండేది. సెంటర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, రెండు బల్లలు, మూతలు తీసేసిన నాలుగైదు సీపీయూలు, వాటి మధ్య నేను. ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుంటే వింతగా చూసే రోజులు అప్పటికి పూర్తిగా పోలేదు. "మెకానిక్ గారు లేరాండి?" అని అడిగి, నేనేనని చెబితే "అయితే మళ్ళీ వస్తామండి" అని వెళ్ళిపోయేవారు. చాలామంది నిజంగానే మళ్ళీ వచ్చేవారు. పాత యంత్రాలను బతికించే పిచ్చి ఆ చుట్టుపక్కల నాకు తప్ప ఇంకెవరికీ లేదు మరి.

అందుకు అప్పట్లో మాకు కొత్తగా చేతికొచ్చిన ఉపాయం వర్చువల్ మెషిన్. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ అన్నమాట. కొత్త కంప్యూటర్ తన మెమరీలో కొంత, తన హార్డ్ డిస్కులో కొంత పక్కకు తీసి "ఇది నీ వాటా" అని ఇస్తుంది. ఆ వాటాలో పాత కంప్యూటర్ తనకో సొంత ఇల్లుందని నమ్మి కాపురం చేసుకుంటుంది. మెమరీ అంటే పని చేసుకునే బల్ల, కరెంటు పోతే దాని మీదున్నదంతా మాయం. డిస్కు అంటే బీరువా, అందులో పెట్టింది ఎక్కడికీ పోదు. ఈ వాటాలను పెంచడం, తగ్గించడం మా వృత్తిలో ఐదు నిమిషాల పని. నేను అందరికీ అలాగే చెప్పేదాన్ని కూడాను.

కోనసీమలో ఒక ఊళ్ళో పంచాంగం గుణించే సిద్ధాంతి గారి ఇల్లుంది. ఆ ఇంటి పంచాంగాన్నే ఉగాది నాడు ఊరి గుడిలో చదువుతారు. సిద్ధాంతి గారి తమ్ముడు లెక్కల లెక్చరర్. అన్నగారి కోసం ఆయన తొంభైల్లో, విండోస్‌కి ముందు నల్ల తెర మీద నడిచిన డాస్‌లో ఒక ప్రోగ్రామ్ రాసిపెట్టి, కొన్నాళ్ళకు కాలం చేశారు. అది నడిచే పాత కంప్యూటర్ కూడా ఆయన దారే పట్టబోతుంటే నన్ను పిలిచారు. దాని డిస్కును ఉన్నదున్నట్టు ఎత్తి, కొత్త కంప్యూటర్‌లో వర్చువల్ మెషిన్‌గా పెట్టి ఇచ్చాను. కరెంటు కోతల కాలం కదా, సేవ్ స్టేట్ అనే బటన్ కూడా చూపించాను. పని మధ్యలో అది నొక్కితే లోపలి కంప్యూటర్ ఉన్న ఫళంగా నిద్రపోతుంది. మర్నాడు లేపితే ఏ అక్షరం దగ్గర ఆగిందో అక్కడే కళ్ళు తెరుస్తుంది.

సిద్ధాంతి గారు మురిసిపోయారు. "యోగనిద్ర అన్నమాట! బాగుందమ్మా. కుంభకర్ణుడి నిద్ర కాకపోతే చాలు" అన్నారు.

ఆ వేసవికి ముందటి పుష్యమాసంలో ఆయన పోయారు. కళ్ళు మసకబారి అప్పటికే చాలా ఏళ్ళయింది. పక్కన కూర్చుని లెక్కలన్నీ చూసింది కూతురు సుభద్ర గారే. ఆవిడకు నలభై దాటాయి. భర్త ఆ ఊళ్ళోనే బడిపంతులు. తండ్రి విజయదశమి నాడు మొదలుపెట్టిన పంచాంగాన్ని తానే ముగిస్తానని ఆవిడ పట్టుబట్టారు. ఆడపిల్ల గుణించిన పంచాంగమేమిటని బంధువులు ముక్కున వేలేసుకున్నారు. తండ్రికి అన్న వరసైన శర్మ గారు మాత్రం ఒక గడువు పెట్టారు. ఉగాదికి గుడిలో చదివేది ఆయనే. జ్యేష్ఠ పౌర్ణమికి గణితం చూపించు, నచ్చితే నీదే చదువుతాను, లేదంటే వేరే ఇంటి పంచాంగం తెచ్చుకుంటాం అన్నారు. గుడిలో చదవడం ఆగిపోతే ఆ ఇంటి పంచాంగం ఆ ఏటితో సరి.

పౌర్ణమి రేపనగా పొద్దున్నే ఫోను మోగింది.

"కరుణ గారూ, నేనండి, సుభద్రని. మన యంత్రం నత్తలా నడుస్తోందండి. ఒక్క తిథి దిద్దితే కాఫీ కలుపుకొచ్చేంత సేపు ఆగుతోంది. మెమరీ చాలదని ఏదో చూపిస్తోంది కూడాను."

"పెంచేద్దాం లెండి. ఐదు నిమిషాల పని."

"ఇంకా ఫాల్గుణం ఒక్కటే మిగిలిందండి. రేపు పెదనాన్నగారికి చూపించాలి" అన్నారు ఆవిడ. గొంతులో కంగారు తెలుస్తోంది.

సంచీలో ఎక్స్‌టర్నల్ డిస్కు, రెండు సీడీలు పడేసుకుని బస్సెక్కాను. రావులపాలెంలో బస్సు మారి ఊరు చేరేసరికి చీర తడిసి ఒంటికి అతుక్కుపోయింది. అరుగు మీద పడక్కుర్చీలో ఒక పెద్దాయన విసనకర్రతో విసురుకుంటున్నారు. ఆయనే శర్మ గారు. పౌర్ణమి దాకా ఆగలేక ముందు రోజే వచ్చేశారు.

"ఎవరమ్మాయివమ్మా?" అన్నారు.

"కొవ్వూరు మాస్టారు గారి అమ్మాయినండి. నాన్నగారు లూథరన్ స్కూల్లో చేసేవారు" అన్నాను.

ఆయన తలాడించి ఊరుకున్నారు. కంప్యూటర్ ఉన్నది దేవుడి గది పక్క గదిలో, మానిటర్‌కి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఇలాంటి ఇళ్ళల్లో ఎక్కడిదాకా వెళ్ళాలో మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు కనుక గుమ్మంలో ఆగాను. సుభద్ర గారు చేయి పట్టుకుని లోపలికి లాగారు.

"డాక్టరు గుమ్మంలో నిలబడితే రోగం ఎలా తగ్గుతుందండీ? రండి" అన్నారు.

కూర్చున్నాను. వర్చువల్ మెషిన్ సెట్టింగ్స్ తెరిచాను. మెమరీని పెంచడానికి ఒక గీత మీద చిన్న మీట ఉంటుంది, దాన్ని కుడివైపు జరిపితే చాలు. అది కదల్లేదు. గీతంతా బూడిద రంగులో ఉంది. కారణం నాకు తెలిసిందే. లోపలి కంప్యూటర్ సేవ్ స్టేట్‌లో నిద్రపోతోంది. నిద్రపోతున్నదాని వాటాలు మార్చనివ్వరు, పూర్తిగా ఆపాలి. దానికొక దగ్గరి దారి ఉంది. డిస్కార్డ్ అనే బటన్ నొక్కితే ఆ నిద్రావస్థను చెరిపేస్తుంది, అంటే లేపకుండానే ఆపేస్తుంది. రోజూ చేసే పనే కదా అని నొక్కాను. "ఖాయమేనా?" అని ఇంకో చిన్న గడి వచ్చింది. ఔను మీదకు బాణం గుర్తు తీసుకెళ్ళాను.

వెనక నుంచి సుభద్ర గారు మామూలుగా అడిగారు. "ఇది పలక బోర్లించినట్టు కాదు కదండీ?"

"ఏ పలకండి?"

"మా ఇంట్లో ఏడాది గణితం మొదలెట్టాక ముగిసేదాకా పలక తుడవరు, బోర్లించరు. తాతగారి నాటి నుంచీ అంతే. బాబాయ్ కూడా అందుకే ప్రోగ్రామ్‌లో సమాప్తం అని ఒక్కటే పెట్టాడండి. అది నొక్కితేనే అన్నీ డిస్కులోకి వెళ్తాయి. మధ్యలో నొక్కం. పాత కంప్యూటర్‌నైతే ముగిసేదాకా ఆపకుండా బ్యాటరీ మీద నడిపేవాళ్ళం."

నా వేలు మౌస్ మీదే ఉంది. "అంటే... దీన్ని చివరిసారి మూసింది ఎప్పుడు?"

"విజయదశమి నాడు నాన్నగారు మొదలెట్టాక మూయనేలేదండి. రోజూ మీరు చెప్పిన నిద్ర బటనే."

పై ప్రాణాలు పైనే పోయాయి. ఎనిమిది నెలల పని డిస్కులో ఒక్క అక్షరం లేకుండా మొత్తం ఆ బల్ల మీదే పరిచి ఉంది. నేను ఆ బల్లను ఎత్తి పెరట్లో విసిరేయడానికి వేలు ఆనించి కూర్చున్నాను. మౌస్ మీంచి చేయి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"కాగితం మీద ఎక్కడైనా రాసుకున్నారా?" అని అడిగాను.

"పలక ఉండగా కాగితమెందుకండి?" అన్నారు ఆవిడ, అమాయకంగా. తర్వాత నా మొహం చూసి ఆవిడ మొహం కూడా పాలిపోయింది.

గ్రహాల లెక్క పోతే పోయింది, యంత్రం ఒక పూటలో మళ్ళీ చేసిపెడుతుంది. ఏ పండుగ ఏ రోజు, ఏకాదశి ఇవాళా రేపా అని శాస్త్రం చూసుకుని తండ్రీ కూతుళ్ళు ఒక్కొక్కటీ నిర్ణయించి చేత్తో దిద్దినవి మాత్రం మళ్ళీ రావు. అందులో సగానికి పైగా నిర్ణయాలు చేసిన మనిషి ఇప్పుడు లేరు.

రద్దు నొక్కి ఆ గడిని మూశాను. సరే, నిద్ర లేపి సమాప్తం నొక్కిస్తే డిస్కులోకి వెళ్తుంది కదా అనుకున్నాను. అనుమానమొచ్చి లోపలి డిస్కు సంగతి చూశాను. పాత డిస్కు ఎంతో అంతే వాటా ఇచ్చి ఉంది. అందులో ఇన్నేళ్ళ పంచాంగాలు కిక్కిరిసి, చెయ్యి దూర్చే సందు లేదు. మెమరీ పెంచాలంటే ఆపాలి. ఆపితే పని పోతుంది. పని దాచాలంటే డిస్కు పెంచాలి. డిస్కు పెంచాలన్నా ఆపాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మన వైపు బియ్యం అయిపోతే అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. ఆ గదిలో నా ధైర్యం అలాగే నిండుకుంది.

అప్పుడొక సంగతి తట్టింది. వర్చువల్ మెషిన్‌కి ఒళ్ళు లేదు, అది కొన్ని ఫైళ్ళ మూట. మూటను మూటగా కాపీ చేసుకోవచ్చు. నా ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలించి మొత్తం కాపీ చేశాను.

"ఇప్పుడు దీనికొక కవల పుట్టిందండి" అని సుభద్ర గారికి చెప్పాను. "ప్రయోగమంతా కవల మీద చేస్తాను. ఏమైనా అసలుది పక్కన భద్రంగా ఉంటుంది. మీరు భయపడకూడదు."

ఆవిడ తలూపారు. శర్మ గారు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. కవలను నిద్ర లేపాను. నల్ల తెర మీద ఆకుపచ్చ అంకెలు వచ్చాయి, మాఘం చివరి రోజులు. ఏ మూలో కాస్త చోటుందేమోనన్న ఆశతో సమాప్తం నొక్కాను. తెర ఒక్క క్షణం ఆగింది. "స్థలం చాలదు" అని ఒక వరుస మెరిసింది. అంతే, తిథులు, వారాలు, పండుగలు అన్నీ పోయి ఖాళీ తెర మీద ఒక్క గీత మిణుకుమిణుకుమంటోంది.

సుభద్ర గారి నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది. గుండెల మీద చేయి పెట్టుకుని గోడకు ఆనుకుపోయారు. అది కవల మాత్రమేనని ముందే చెప్పాను, ఆవిడ విన్నారు, అయినా కళ్ళ ముందు పోతుంటే ఏ మనిషి తట్టుకుంటుంది? అసలుదాని మీదే సమాప్తం నొక్కి ఉంటే అన్న ఆలోచన వచ్చి, అది ఉన్నచోటే ఉందో లేదో ఇంకోసారి చూసుకున్నాను.

"చూశావా?" అన్నారు శర్మ గారు. "యంత్రాన్ని నమ్ముకుంటే ఇంతే. రేపు నాకేం చూపిస్తావమ్మా?"

ఇందాక ఆవిడ ఇచ్చిన మజ్జిగ అలాగే పట్టుకుని ఫైళ్ళ వంక చూస్తూ కూర్చున్నాను. అసలుదాని మూటలో ఒక ఫైలు మీద చూపు ఆగింది. దాని సైజు నేను ఇచ్చిన మెమరీ ఎంతో సరిగ్గా అంతే ఉంది. నా తెలివి తెల్లారినట్టే ఉంది, ఇంతసేపు తట్టలేదు! నిద్రపోయే ముందు లోపలి కంప్యూటర్ తన బల్ల మీదున్నదంతా ఏదో ఒక చోట దాచుకోవాలి కదా. ఈ ఫైలులోనే దాచుకుంది. కరెంటు పోతే మాయమయ్యే మెమరీ రోజూ బయటి డిస్కులో ఫైలుగా పడి ఉంటోంది. ఇన్నాళ్ళూ ఆ బటన్ నొక్కమని అందరికీ చెప్పాను తప్ప ఆ ఫైలు తెరిచి చూసిన పాపాన పోలేదు.

దాన్ని కూడా కాపీ చేసి, ఆ కాపీని తెరిచాను. అక్షరాల చెత్త, తలా తోకా లేని గుర్తులు, పేజీల కొద్దీ. అందులో పంచాంగం ఎక్కడుందో వెతకాలంటే ఏదో ఒక అంకె తెలియాలి.

"సుభద్ర గారూ, చైత్రం మొదటి మూడు తిథుల ఘడియలు గుర్తున్నాయా?"

ఆవిడ కళ్ళు మూసుకుని చదివారు. నేను కొట్టి వెతికాను. చెత్త మధ్యలోంచి వరుసలు తేలాయి. పాడ్యమి, విదియ, తదియ, వాటి పక్కన ఘడియలు, విఘడియలు, పక్కన పండుగ గుర్తులు. కిందకు జరుపుతూ పోతే వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం. సుభద్ర గారు ఏడుస్తూనే వేలితో ఒక్కొక్క వరుసా చూపించి "ఉంది, ఇదీ ఉంది" అంటున్నారు.

శర్మ గారు కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నారు. "కార్తీకం తియ్యి. శుద్ధ ఏకాదశి ఏ రోజు పెట్టావు?"

"రెండో రోజండి."

"మీ నాన్నయితే మొదటి రోజు పెట్టేవాడు."

"మొదటి రోజే పెట్టారు పెదనాన్నా. నేను మార్చాను."

గదిలో విసనకర్ర చప్పుడు ఆగిపోయింది. నాకు ఏకాదశుల సంగతి తెలియదు కానీ, ఆ ఇంట్లో ఆ మాట ఎంత పెద్దదో ఆయన మొహం చూస్తే తెలిసింది.

"తండ్రి నిర్ణయం మార్చావా?" అన్నారాయన.

"మొదటి రోజు సూర్యోదయం దాటాక కూడా దశమి మిగిలింది, అలాంటి రోజు ఏకాదశి పెట్టకూడదు కదా. నాన్నగారికి ఆ అంకె సరిగా కనబడలేదు. ఆయన ఉండగానే చెప్పాను. మార్చమన్నారు."

తెర మీద ఆ వరుస వెతికి పెట్టాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, దశమి పక్కనున్న అంకెను చాలాసేపు చూశారు. తర్వాత పెదవులు కదుపుతూ వేళ్ళ మీద ఏదో లెక్క కట్టుకున్నారు. లేచి తువ్వాలు భుజాన వేసుకున్నారు.

"ఫాల్గుణం ముగించి పంపించు. ఉగాదికి నీదే చదువుతాను" అని అరుగు మీదకు వెళ్ళిపోయారు.

వరుసలన్నీ మామూలు ఫైలుగా కత్తిరించి, రెండు సీడీల్లోకి ఎక్కించి, తెరిచి చూపించాను. ఇక మెమరీ పెంచే పని మిగిలింది. అక్కడ నాకు మళ్ళీ మనసు ఒప్పలేదు. నిద్రపోతున్న ఆ యంత్రంలో సిద్ధాంతి గారు విజయదశమి నాడు తన చేత్తో మొదలుపెట్టిన పని ఉంది. దాన్ని చెరపమని ఈ ఇంట్లో ఎలా అడగడం? మాటలు వెతుక్కుంటూ మొదలుపెట్టాను.

"సుభద్ర గారూ, దీన్ని ఇలాగే నిద్రపోనిద్దామండి. పక్కన ఇంకోటి తయారుచేసి..."

ఆవిడ వంగి మౌస్ తీసుకుని డిస్కార్డ్ నొక్కారు. ఖాయమేనా అంటే ఔను నొక్కారు.

"అయ్యయ్యో, ఆగండి!" అని గట్టిగా కేకేశాను. అరుగు మీంచి శర్మ గారు పరుగెత్తుకొచ్చారు.

"ఎందుకండీ అలా కేకేస్తారు? మంచి ప్రతి ఎత్తుకున్నాం కదా" అన్నారు సుభద్ర గారు.

"పలక బోర్లించకూడదన్నారు?"

"ప్రతి ఎత్తాక తుడవాల్సిందేనండి. లేకపోతే ఫాల్గుణం ఎక్కడ వేస్తాను?" అన్నారు. అని కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

గుమ్మంలో నిలబడ్డ శర్మ గారు అప్పుడు చెప్పారు. "మా చిన్నప్పుడు పొద్దుగూకే వేళకు శిష్యుడొచ్చి పలక మీదున్నది తాటాకు మీదకో కాగితం మీదకో ఎక్కించేవాడమ్మా. పలక ముట్టుకోవద్దన్నది అందుకే, వాడు ప్రతి ఎత్తేలోపు ఎవరైనా చెరిపేస్తారని. యంత్రం వచ్చాక శిష్యుణ్ణి మానిపించారు. పలక మాట ఒక్కటీ మిగిలింది."

సగం ఆచారం ఆ ఇంట్లో మిగిలింది, పోయిన సగానికి మా వృత్తిలో బ్యాకప్ అని పేరు. నేను ఆ ఇంటికి యంత్రం పెట్టి ఇచ్చాను, నిద్రపుచ్చడం నేర్పాను, ఆ శిష్యుడి పని ఎవరు చేస్తున్నారని మాత్రం అడగలేదు.

బూడిద రంగు గీత నల్లబడింది. మీట కదిలింది. మెమరీ రెట్టింపు చేశాను, డిస్కు వాటా పెంచాను. ఐదు నిమిషాలే పట్టింది. ఆ వారంలోనే ఫాల్గుణం ముగిసి, సీడీల్లోని వరుసల పక్కన చేరింది. మరుసటి ఉగాదికి శర్మ గారు గుడిలో పంచాంగం చదువుతూ కార్తీక ఏకాదశి దగ్గర ఆగి, "ఇది మా అమ్మాయి నిర్ణయం" అని గట్టిగా చెప్పారట. సుభద్ర గారు ఫోన్లో ఆ మాట రెండుసార్లు చెప్పారు.

ఐదు నిమిషాల పని అన్న మాట ఆ రోజుతో నా నోట పోయింది. ఎవరింటికి వెళ్ళినా, ఎంత చిన్న మరమ్మతు అయినా, సెట్టింగ్స్ తెరిచేముందు ఒక ప్రశ్న అడుగుతాను. "దీన్ని చివరిసారి ఎప్పుడు మూశారండి?" చాలామంది నవ్వి, రాత్రే మూశామంటారు. ఎప్పుడైనా ఒకరు నవ్వకుండా పక్కవాళ్ళ మొహం చూస్తారు. అప్పుడు మౌస్ మీంచి చేయి తీసేస్తాను.